గేర్‌బాక్సులో నీళ్ళు

“దీన్ని తెచ్చిన తర్వాత ఎవరైనా తాడు లాగినారా?”

షెడ్డులోకి అడుగు పెడుతూనే జయరాం అడిగిన మొదటి మాట అది. నమస్కారం పెట్టలేదు. పెట్టించుకునే అలవాటున్న సర్కిల్ ఇన్‌స్పెక్టర్ విష్ణువర్ధన్ కూడా కుర్చీలోంచి లేవలేదు.

“ఏమప్పా జయరామూ, ప్రైవేటు డిటెక్టివ్‌వి అయినంక మర్యాద మర్చిపోయినావా? హెడ్ కానిస్టేబుల్‌గా ఉన్నప్పుడు సెల్యూట్ బాగానే కొడతాంటివి కదా.”

“అప్పుడు దానికి జీతమిస్తాండ్రి సార్. తాడు లాగినారా, లేదా?”

“లేదప్పా. పడవ దొరికిన కాడ్నే మోటరు ఊడదీసి, ఈడికి తెచ్చి సీలు వేయించినా. కానిస్టేబుల్ పక్కనే పండుకున్నాడు. ఈగ కూడా వాలలేదు. సాలునా?”

“సాలు. ఈ మాట గుర్తు పెట్టుకోండి.”

మోటరు చెక్క స్టాండుకు బిగించి, నిలువుగా ఉంది. పైన, లాగి స్టార్ట్ చేసే తాడున్న నల్ల మూత, దాని కింద పొడుగు కాలు, కాలి చివర గేర్‌బాక్సు, దానికి మూడు రెక్కల ఫ్యాను. పడవ వెనక తగిలించే మోటరు. మూత మీద అంటించిన కాగితం చినగలేదు. లక్క ముద్ర పగలలేదు.

కేసు చిన్నది. చిన్నదిగానే ఉండాలని అందరికీ ఉంది. నల్లగుట్ల రిజర్వాయరులో నీళ్ళ లోతు కొలవమని హైదరాబాదు సర్వే కంపెనీ ఒకటి హర్ష అనే కుర్ర ఇంజనీరును పంపింది. పూడిక తీసినామని బిల్లు పెట్టిన కాంట్రాక్టరు నిజంగా తీసినాడా లేదా అన్నది ఆ కొలతలో తేలుతుంది. శనివారం పొద్దున హర్ష ఒక్కడే మోటరు పడవలో పోయినాడంటారు. పడవ నీళ్ళ నడుమ ఖాళీగా దొరికింది. హర్ష మర్నాడు అలుగు దగ్గర శవమై తేలినాడు. నడుమ నీళ్ళలో మోటరు ఆగిపోతే, ఏమైందోనని వెనక్కి వంగి చూడబోయి జారిపడినాడని పోలీసులు రాసుకున్నారు. మోటరు ఎందుకు ఆగింది? దాన్ని చూసుకునే తిప్పేష్ అనేవాడు అడగకముందే ఒప్పేసుకున్నాడు, తానే పాడుచేసినానని.

కంపెనీ జయరాంకు అప్పజెప్పిన పని ఒక్కటే. ఆయిల్ దగ్గర జరిగిన పొరపాటు వల్ల మోటరు దెబ్బతినిందా, లేదా? చూసి రాసివ్వాలి. “దెబ్బతినింది” అని రాస్తే కంపెనీకి సుఖం, పోలీసులకు సుఖం. సాయంత్రం కళ్యాణదుర్గం కోర్టులో తిప్పేష్‌ను రిమాండుకు పంపేస్తారు. ఒక్క తిప్పేష్‌కే కష్టం. వాని సంగతి కంపెనీ అడగలేదు.

పోలీసులోకి రాకముందు జయరాం నెల్లూరు తీరంలో పడవ ఇంజన్ల షెడ్డులో పనిచేసినాడు. ఆ సంగతి తెలిసే కంపెనీ పిలిచింది. లేకుంటే ఉద్యోగం పోయిన హెడ్ కానిస్టేబుల్‌ను ఎవరు పిలుస్తారు?

“విప్పేముందు ఇద్దరితో మాట్లాడాల,” అన్నాడు.

“మాట్లాడుకో. కానీ కోర్టు టైము నీ కోసం ఆగదు.”

తిప్పేష్ పోలీసు జీపు నీడలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. చుట్టుపక్కల ఊళ్ళలో బోరు మోటర్లు దించడం, ఎత్తడం వాని బతుకు. కంపెనీవాళ్ళు పడవ మోటరు చూసుకోమని పెట్టుకున్నారు. మోటరు మోటరే కదా అనుకున్నారు. ఆ తప్పు ఎవరి రిపోర్టులోనూ లేదు.

“ఏం చేసినావో చెప్పు.”

“నీళ్ళు పోసినా అన్నా.”

“యాడ?”

“కింద గేర్‌బాక్సులో.”

“ఎవరు పొయ్యమన్నారు?”

“ఎవరూ అనలేదన్నా. శుక్రవారం సాయంత్రం హర్ష సారు ఫోన్ చేసి, ‘తిప్పేష్, మోటరుకు ఆయిల్ చూడప్పా’ అనె. పైన ఇంజను ఆయిల్ చూసినా, బాగానే ఉండాది. కింద గేర్‌బాక్సుకు రెండు మరలు కనపడె. విప్పితే నూనె కారె. నీళ్ళలో మునిగేదాంట్లో నూనె ఏందబ్బా, పైనుంచి దిగిపోయినట్టుండాది అనుకుంటి. అంతా కారిపోనిచ్చి, పై బెజ్జంలో గరాటు పెట్టి నీళ్ళు నింపినా. గాలి బుడగలు ఆగేదాకా నింపినా అన్నా, తక్కువ చెయ్యలేదు.”

“బోరు మోటరుకు నింపినట్టు.”

“అట్లే అన్నా.”

ఈ సీమలో నీళ్ళలోకి దించే మోటరంటే బోరు మోటరే. భూమిలోకి దించేముందు దాని కడుపు నిండా తేటనీళ్ళు పోయాల. పోయకుండా దించినోణ్ణి మెకానిక్కు అనరు, ఇంకేదో అంటారు. తిప్పేష్ చేతుల మీద దిగిన మోటర్లన్నీ అట్ల నీళ్ళు తాగి దిగినవే. పడవ మోటరు గేర్‌బాక్సులో మాత్రం నూనే ఉండాల, నీటిబొట్టు పడకూడదని వానికి చెప్పినోళ్ళు లేరు. పడవలు చూసిన ముఖాలా ఇవి?

“నీళ్ళు యాడివి?”

“ఆంజినమ్మ హోటల్లో క్యాను నీళ్ళు. మన బోరు నీళ్ళు ఉప్పు కదన్నా, లోపల తుప్పు పడతాదని ఫిల్టరు నీళ్ళు అడిగి తెస్తి.”

“హర్షకు చెప్పినావా?”

“ఫోన్ చేసి, మోటరు రెడీ సార్ అంటి. నీళ్ళ సంగతి చెప్పలే. అదీ చెప్పాలని తెలీదు.” తిప్పేష్ తల దించుకున్నాడు. “రెడీ అన్నందుకే కదన్నా ఆయప్ప పోయింది.”

“శనివారం పొద్దున నువ్వెందుకు కూడా పోలేదు?”

“ఒక్కడే పోతానని సారే చెప్పె. ఇంట్లో పండుకోనుంటి.”

“ఎవరు చూసినారు?”

“మా యమ్మ హనుమక్క.”

“ఇంకెవరూ?”

“మా ఇంట్లో ఇంకెవరుంటారన్నా?”

జయరాం లేచినాడు. తిప్పేష్ ప్యాంటు పట్టుకున్నాడు. “అన్నా, జైలుకైనా పోతా. ఒక్కటి చెప్పు. గేర్ పళ్ళు పట్టేసినాయా? పట్టేసే ఆగిందా? నాకు అదొకటి తెలియాల.”

“విప్పి చూసినంక చెప్తా.”

వాచ్‌మన్ వీరప్ప తూము దగ్గర గదిలో ఉంటాడు. పేరుకు రిజర్వాయరు కాపలా. జీతమిచ్చేది పూడిక కాంట్రాక్టరు ఆంజనేయులు. జయరాం పోయేటప్పటికి బీడీ తాగుతాండాడు. విష్ణువర్ధన్ వెనకే వచ్చి తలుపుకు ఆనుకున్నాడు.

“శనివారం మోటరు సౌండు విన్నావంట?”

“విన్నా సార్. పొద్దున ఆరు గంటలకు.”

“గడియారం ఉండాదా?”

“లేదు.”

“ఫోన్?”

“చార్జింగు లేకుండె.”

“ఆరని ఎవరు చెప్పినారు మరి? సూర్యుడా?”

“పాల ఆటో పోయె సార్. అది ఆరుకే పోతాది.”

“సరే. సౌండు యాడిదాకా వచ్చె?”

“నడిమిదాకా. ఆడ ఆగిపోయె.”

“ఎట్ల ఆగె? ఠక్కునా, గరగరమనా?”

వీరప్ప విష్ణువర్ధన్ వైపు చూసినాడు. తలుపు దగ్గర ఏ సైగా లేదు. “ఠక్కున.”

“గేర్ పళ్ళు పట్టేసేముందు గరగర అనాల.”

“ఆఁ, గరగర అనింది సార్. గరగర అని, ఠక్కున ఆగె.”

“కీచుమని అరవలేదా?”

“కీచు కూడా అనింది.”

“ఇంకేం, సన్నాయి కూడా వాయించిందేమో గుర్తు తెచ్చుకో.”

కానిస్టేబుల్ ఒకడు నవ్వబోయి, సీఐ ముఖం చూసి దగ్గినాడు.

“నా సాక్షిని ఎగతాళి చేయడానికి కంపెనీ నీకు ఫీజు ఇస్తాందా?” అన్నాడు విష్ణువర్ధన్, షెడ్డుకు తిరిగి నడుస్తూ. “ముసలోడు. సౌండు విన్నాడు. ఆగిందన్నాడు. అంతకన్నా ఏం కావాల?”

“ముసలోడు కాదు సార్, జీతగాడు. ఎవరు ఏం అడిగితే అది ఉందంటాడు.”

“నువ్వు కానిస్టేబులుగా ఉన్నప్పుడు అదే చేస్తాంటివి.”

“దానికే పోయె ఉద్యోగం.”

షెడ్డులో జయరాం పనిముట్ల సంచి విప్పి, స్టాండు కింద గుడ్డ పరిచినాడు. ఆంజినమ్మ హోటలు నుంచి కడిగిన గాజు గ్లాసులు రెండు తెప్పించినాడు.

“ఇంత తతంగం ఎందుకు? డ్రమ్ములో నీళ్ళు పెట్టి స్టార్ట్ చేస్తే తెలిసిపోదా?” అన్నాడు విష్ణువర్ధన్. “నడిస్తే బాగుండాది, నడవకుంటే పాడైంది.”

“తాడు ఒక్కసారి లాగినామంటే లోపల పళ్ళు తిరుగుతాయి. న్యూట్రల్లో పెట్టినా తిరుగుతాయి. తిరిగినంక ఇది సాక్ష్యంగా పనికిరాదు. అందుకే వస్తానే అడిగినా. సార్, ఒక మాట. తిప్పేష్ నీళ్ళు పోసింది శుక్రవారం సాయంత్రమే అని మీకు నమ్మకమేనా? తర్వాత కాదు కదా?”

“ఎట్ల అవుతాది? పడవ దొరికినప్పట్నుంచి వాడు నా దగ్గరే ఉండాడు. క్యాను నీళ్ళు శుక్రవారం ఇచ్చినానని ఆంజినమ్మ చెప్పె. పోస్తాంటే కూడా చూసె. నీళ్ళతో ఏం చేస్తాండావురా అంటే, మోటరుకు తాపుతాండా అన్నాడంట.”

“సరే.”

కింది మర విప్పేముందు జయరాం ఫోన్ కెమెరా ఆన్ చేసి కానిస్టేబుల్ చేతికిచ్చినాడు. మర వదులైంది. గ్లాసు పట్టినాడు. నీళ్ళు సన్నగా ధార కట్టినాయి.

గ్లాసు సగం నిండినంక బెజ్జానికి గుడ్డముక్క అడ్డం పెట్టి, గ్లాసు వెలుతురుకు ఎత్తి చూసినాడు. తేటనీళ్ళు. పైన పలచగా నూనె పొర, తేనె రంగులో. అవతల కూర్చున్న విష్ణువర్ధన్ మీసం గ్లాసులోంచి కనపడుతోంది.

“చూస్తాండారా?”

“నీళ్ళే. వాడు పోసినానన్నాడు, ఉండాయి. ఇందులో కొత్తేముంది?”

జయరాం మర కొనను గుడ్డ మీద ఆనించి చూపించినాడు. “ఈ మర కొనకు అయస్కాంతం ఉంటాది. పళ్ళు అరిగితే ఇనుప పొడి దీనికే అంటుకుంటాది. నూనె లేకుండా తిరిగితే ముద్దలుగా అంటుకోవాల. గుడ్డ చూడండి.”

గుడ్డ మీద తడి మాత్రం ఉంది.

తర్వాత పై మర విప్పి, టార్చి వేసి ఆ బెజ్జంలోంచి లోపలికి చూసినాడు. కనపడింది రెండు మూడు పళ్ళే. వాటి మీద పాత నూనె ఇంకా అంటుకునే ఉంది. కాలిన నీలిరంగు లేదు. గీత లేదు. చివరికి ఫ్యాను చేత్తో తిప్పినాడు. వెన్నలో చెయ్యి పెట్టినట్టు తిరిగింది.

“మోటరు దెబ్బతినలేదు,” అన్నాడు.

“నీళ్ళు పోసినా కూడానా?”

“నీళ్ళు పోసినా. ఎందుకంటే, పోసిన తర్వాత ఇది తిరగలేదు. ఒక్క చుట్టు కూడా తిరగలేదు.”

విష్ణువర్ధన్ కుర్చీలోంచి లేచినాడు. “అదెట్ల చెప్తావు?”

జయరాం సంచిలోంచి గేర్ ఆయిల్ డబ్బా తీసి, రెండో గ్లాసులో కొంచెం పోసి, మంచినీళ్ళు కలిపినాడు. అరచెయ్యి మూతగా పెట్టి గట్టిగా గిలకొట్టినాడు. తీసి చూపిస్తే గ్లాసులో చిక్కటి మజ్జిగ.

“నూనె అంతా కార్చినా లోపల పళ్ళకు, గోడలకు అంటుకున్నది పోదు. గేర్లు ఆ నూనెను, నీళ్ళను ఇట్ల చిలుకుతాయి. నడిమి నీళ్ళదాకా పడవ నడిచుంటే, మర విప్పితే రావాల్సింది ఇది. వచ్చింది అది.”

రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టినాడు.

“నాలుగు దినాలైంది కదా. మజ్జిగ తేరుకున్నట్టు తేరుకోనుంటాది,” అన్నాడు విష్ణువర్ధన్.

“ఇది అట్ల తొందరగా తేరుకోదు సార్. కావాలంటే ఈ గ్లాసు మీ టేబుల్ మీద పెట్టుకోండి. వారం తర్వాత కూడా కాఫీ అనుకుని తాగబోతారు. అదీ కాక, ఇనుప పొడి యాడికి పోయె? అది కూడా తేరుకునిందా?”

కానిస్టేబుల్ ఫోన్ పట్టుకునే నిలబడినాడు. జయరాం చెయ్యి చూపితే ఆపినాడు.

“అంటే శనివారం పొద్దున ఈ మోటరు నడవలేదు,” అన్నాడు విష్ణువర్ధన్ మెల్లగా.

“నడవలేదు. వీరప్ప విన్న గరగరా లేదు, కీచూ లేదు.”

“మరి పడవ నడిమిదాకా ఎట్ల పోయె?”

“ఎవరో తీసుకుపోయినారు. హర్ష అప్పటికే చచ్చిపోయినాడో, ఆడ చంపినారో నాకు తెలీదు. పడవను నీళ్ళ నడుమ వదిలేస్తే జారిపడినాడని మీరే రాసుకుంటారని వాళ్ళకు తెలుసు. రాసుకున్నారు. తిప్పేష్ సరైన నూనె పోసుంటే నేనూ అదే రాసి పోతాంటి. వాడు చేసిన తెలివితక్కువ పని ఒక్కటే ఈ కేసులో సాక్ష్యం.”

“ఇదంతా రాసి సంతకం చేస్తావా?”

“చేస్తా.”

ఈ సీఐ ఇంత తొందరగా ఒప్పుకునే మనిషి కాదు. అది జయరాంకు తట్టకపోలేదు. తట్టినా రాసినాడు. మోటరు దెబ్బతినలేదు, నీళ్ళు నింపిన తర్వాత నడవలేదు, ఇది జారిపడిన చావు కాదు. సంతకం పెట్టి ఇచ్చినాడు.

విష్ణువర్ధన్ రెండుసార్లు చదివినాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“కూర్చో జయరామూ. ఇప్పుడు నేను అడుగుతా, నువ్వు చెప్పు. చంపినోడు పడవను నడిమికి తీసుకుపోవాల. పడవకు మంచి మోటరు ఉండాది. తాడు లాగితే పోతాది. లాగకుండా ఎందుకు కష్టపడె?”

“సౌండు వస్తాదని.”

“ఆ పొద్దున ఈ పడవ మోటరు వేసుకుని పోతాదని ఊరందరికీ తెలుసు. సౌండు వస్తేనే మంచిది వానికి. సౌండు రాకుంటేనే అనుమానం. అయినా లాగలేదు. ఎందుకు?”

జయరాం రెండు గ్లాసుల వైపు మళ్ళీ చూసినాడు.

“నేను చెప్తా. లాగితే నడిమిదాకా పోదని వానికి తెలుసు. గేర్‌బాక్సులో నూనె లేదని, నీళ్ళున్నాయని తెలుసు. శనివారం పొద్దుటికి ఆ సంగతి తెలిసిన మెకానిక్కు భూమ్మీద ఒక్కడే ఉండాడు. బయట నా జీపు నీడలో కూర్చోనుండాడు.”

“నీళ్ళు పొయ్యడం తప్పని వానికే తెలీదు సార్!”

“అది వాడు చెప్పే మాట. బోరు మోటరు కథ. బాగుండాది. నాకూ నచ్చె. చిన్న తప్పు ఒప్పుకుంటే పెద్దది ఎవరూ వెతకరని కట్టినాడు. ఆంజినమ్మ ముందే పోసినాడు చూడు, సాక్షి ఉండాలని.”

“వాడు హర్షను ఎందుకు చంపుతాడు? లోతు కొలిస్తే వానికేం నష్టం? నష్టమొచ్చేది ఆంజనేయులుకు.”

“పెద్దోళ్ళ పేర్లు తర్వాత.” విష్ణువర్ధన్ తలుపు దగ్గరికి పోయి కేకేసినాడు. “వీరప్పా!”

వీరప్ప వచ్చినాడు. పిలుపు కోసం కాచుకున్నట్టు గబగబా వచ్చినాడు.

“శనివారం మోటరు సౌండు విన్నానంటివి. మోటరు నడవనే లేదంట. అబద్ధం చెప్పినావా?”

“తప్పైంది సార్. భయమేసి అట్ల చెప్పినా.” తువ్వాలు చంకలో పెట్టుకున్నాడు. “తిప్పేష్ మావోడే కదా, ఎందుకులే అనుకుంటి. వాడే సార్. తెల్లారకముందే చేపలోళ్ళ గుండ్రటి పుట్టి ఎక్కి, పడవకు తాడు కట్టి ఈడ్చుకుపోతాండె. నేను తూము మీదనుంచి చూస్తి.”

జయరాం తిరిగి చూసినాడు. షెడ్డులో జరిగిన మాటల్లో పుట్టి లేదు. తాడు కట్టి ఈడ్చడం లేదు. పడవను ఎవరో తీసుకుపోయినారని మాత్రమే తాను అన్నాడు. ఎట్ల తీసుకుపోయినారో ఎవరికీ తెలీదు. ఈ ముసలోనికి తెలుసు.

“సార్, పుట్టి సంగతి మనమెవరం అనలేదు. వీరప్ప చూసినాడు. ఎవరినో చూసినాడు. ఎవరినని గట్టిగా అడగండి.”

“అడగాల్సిన పనేముంది? పేరు చెప్పె కదా.”

“పొద్దున కీచుమనిందని చెప్పిన నోరే అది!”

“పొద్దున అబద్ధమని తేల్చినోడివి నువ్వే. ఇప్పుడు నిజం చెప్తాండాడు. దానికి కూడా నువ్వే కారణం.” విష్ణువర్ధన్ జేబు తట్టినాడు. “నిర్లక్ష్యం కేసంటే నాలుగు దినాల్లో బెయిలు వస్తాండె. హత్య అని రాసిచ్చింది నువ్వు. మంచి పని చేసినావప్పా.”

వీరప్ప నేల చూస్తూ బయటికి పోయినాడు. పోతూ పోతూ చొక్కా జేబులోంచి ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నాడు. చార్జింగు బాగానే ఉన్నట్టుంది.

జయరాం షెడ్డు దాటి జీపు దగ్గరికి వచ్చినాడు. లోపలినుంచి మాటలు బయటికి సగం వినపడినట్టున్నాయి. తిప్పేష్ లేచి నిలబడినాడు.

“అన్నా, పళ్ళు పట్టెయ్యలేదంట? నిజమా?”

“నిజమే. మోటరు బాగుండాది.”

“గీత కూడా పడలేదా?”

“పడలేదు.”

“అయితే హర్ష సారు నా వల్ల సావలేదు.”

“లేదు. నీ వల్ల కాదు.”

తిప్పేష్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదిలినాయి. చేతులు తీసేటప్పటికి నవ్వుతాండాడు. “మా యమ్మకు ఫోన్ చేసి చెప్పన్నా. నాలుగు దినాలుగా ముద్ద ముట్టలేదంట ఆయమ్మ. సంపినోని తల్లినని అంటాందంట.”

“తిప్పేష్, నేను చెప్పేది విను. ఇప్పుడు వాళ్ళు ఏం అడిగినా నోరు తెరవాకు. వకీలు వచ్చేదాకా ఒక్క మాట చెప్పొద్దు. ఏదీ ఒప్పుకోవాకు. అర్థమైందా?”

“ఇంకేం ఒప్పుకునేదుంటాదన్నా? అయిపాయె కదా.”

కానిస్టేబుల్ జీపులోంచి బేడీలు తీసుకుని వచ్చినాడు. నాలుగు దినాలుగా వాటి అవసరం పడలేదు. ఇంటికి పంపేముందు ఇదొక పద్ధతి అనుకున్నాడేమో, తిప్పేష్ రెండు చేతులూ తానే చాపినాడు. ముఖంలో నవ్వు ఇంకా అట్లే ఉంది.